జర్మనీ బయ్యర్ పంపిన ఎక్సెల్ షీటు – ఈ కార్బన్ లెక్క నేనెందుకు కట్టాలి?

నట్టు_బోల్టు (హైదరాబాద్) · శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత రాస్తున్నా. మాది చర్లపల్లి వైపు చిన్న ఫాస్టెనర్ల (నట్లు, బోల్టుల) యూనిట్, అందరం కలిపి 30 మందిమి. వైర్ రాడ్ తెచ్చి, హెడ్డింగ్ కొట్టి, థ్రెడ్ రోలింగ్ చేసి, ఫర్నేసులో వేసి తీసి, ప్లేటింగ్ బయట చేయించి పంపుతాం. ఎక్కువ సరుకు పుణె, చెన్నై పోతుంది. ఏడాదికి ఓ 40 టన్నులు మాత్రం జర్మనీకి, నిజం చెప్పాలంటే నాలుగు డబ్బులు మిగిలేది అందులోనే.

రెండేళ్ళ నుంచి ఆ బయ్యర్ మూడు నెలలకోసారి ఒక ఎక్సెల్ షీటు పంపిస్తున్నాడు. మొదట్లో మా అకౌంటెంటు ఏదో నింపి పంపేవాడు, వాళ్ళూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. ఈ ఏడాది జనవరి నుంచి మాట తీరు మారింది. ఏ మిల్లు ఉక్కు, ఏ పద్ధతిలో చేశారు, టన్నుకి ఎంత కార్బన్ డయాక్సైడ్ బయటికొచ్చింది, మీ ఫర్నేసులో ఏం కాలుస్తారు, ఎంత కాలుస్తారు, ఇవన్నీ కావాలట. మిల్లు డీలర్ని అడిగితే నవ్వాడు. "సార్, మీరు నెలకి రెండు లారీలు ఎత్తుతారు, దానికి మిల్లువాళ్ళు మీకు కార్బన్ సర్టిఫికెట్ ఇస్తారా, టెస్ట్ సర్టిఫికెట్ టైముకి వస్తేనే గొప్ప" అన్నాడు. మెయిల్ చివర్లో బయ్యర్ మర్యాదగానే రాశాడు, వివరాలు ఇవ్వకపోతే రేటు మళ్ళీ మాట్లాడుకోవాల్సి ఉంటుందని.

నా బాధ ఏంటంటే, 150 ఏళ్ళుగా బొగ్గు తగలేసి రైళ్ళూ రోడ్లూ ఫ్యాక్టరీలూ కట్టుకున్నది వాళ్ళు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒకే ఒక్క ఫ్యాను, అదీ కరెంటు ఉన్నప్పుడు. ఇప్పుడు పొగ లెక్క నన్ను అడగడం ఏ న్యాయం?

---

స్టట్‌గార్ట్_శీను (జర్మనీ) · శనివారం రాత్రి 11:30

అన్నా, టెన్షన్ పడకు, ముందు షీటు సంగతి చూద్దాం. దీన్ని ఇక్కడ సీబామ్ (CBAM) అంటారు, బయటి సరుకు మీద యూరోపియన్ యూనియన్ తన సరిహద్దు దగ్గర వేసే కార్బన్ రుసుం అనుకో. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, కరెంటు, హైడ్రోజన్, ఈ 6 రకాలకి వర్తిస్తుంది, ఉక్కులో బోల్టులూ స్క్రూలూ కూడా వస్తాయి. 2023 అక్టోబర్ నుంచి 2025 చివరిదాకా వట్టి రిపోర్టులే, డబ్బు లేదు. 2026 జనవరి 1 నుంచి వచ్చిన సరుకుకి డబ్బు కట్టాలి. కట్టేది నువ్వు కాదు, మీ బయ్యర్. ఆ డబ్బు కట్టడమంటే సర్టిఫికెట్లు కొనడం, 2026 సరుకువి 2027 ఫిబ్రవరి నుంచి అమ్ముతారు. అందుకే వాడికి ఇప్పుడు కంగారు.

ఇంకోటి. ఒక దిగుమతిదారు ఏడాదికి మొత్తం 50 టన్నులు దాటకపోతే అసలు ఈ గొడవే లేదు, 2025లో సడలించారు. మీవి 40 టన్నులే అంటున్నావు కాబట్టి ఒకసారి అడుగు.

న్యాయం సంగతికొస్తే, ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలు 2005 నుంచి కార్బన్ మార్కెట్లో (పొగ వదలాలంటే పర్మిట్లు చూపించాల్సిన ఏర్పాటు) ఉన్నాయి. వాళ్ళు టన్ను పొగకి డబ్బు కట్టి, బయటి ఉక్కు ఏమీ కట్టకుండా లోపలికొస్తే ఫ్యాక్టరీలన్నీ బయటికే పోతాయి, పొగ తగ్గదు, ఉద్యోగాలు మాత్రం పోతాయి. నా పక్క డెస్కులో పనిచేసేవాడి తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో చేస్తాడు, వాడి భయమూ నిజమే కదా. నీ మీద కక్షతో పెట్టింది కాదన్నా.

---

లెక్కల_మాస్టారు (తెనాలి) · ఆదివారం ఉదయం 6:15

శీను గారూ, మీరు వివరంగా చెప్పారు, ఒక్కచోట మాత్రం సవరించాలి. 2005 నుంచి మార్కెట్లో ఉన్న మాట నిజం, కానీ ఉక్కు ఫ్యాక్టరీలకి పర్మిట్లలో సింహభాగం ఉచితంగానే ఇస్తూ వచ్చారు. ఆ ఉచితం ఈ ఏడాది నుంచి మెల్లగా తగ్గి, 2034కి పూర్తిగా పోతుంది. అంటే 20 ఏళ్ళు వాళ్ళ ఫ్యాక్టరీలకి అలవాటు పడే వ్యవధి దొరికింది. చర్లపల్లి యూనిట్‌కి దొరికింది 2 ఏళ్ళ 3 నెలలు, అదీ ఫారాలు నింపడానికి.

"మొదటి ఏడాది 2.5 శాతమే కట్టాలి" అని పత్రికల్లో రాస్తున్నారు చూడండి, అందులో ఒక మెలిక ఉంది. ఆ మినహాయింపు లెక్కగట్టేది యూరప్‌లో బాగా నడిచే ఫ్యాక్టరీల కొలమానం మీద. ఆ కొలమానం కంటే ఎక్కువ పొగ వచ్చే ఉక్కుకి, ఎక్కువైన భాగం మీద మొదటిరోజు నుంచే పూర్తి ధర. మన దేశంలో ఉక్కు సగటున టన్నుకి 2.5 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్, ప్రపంచ సగటు 2 లోపే. కాబట్టి మనకి ఆ 2.5 శాతం మాట పూర్తిగా వర్తించదు. 2034లో టన్ను కార్బన్ ధర 75 యూరోలే ఉంటుందనుకుని లెక్క వేయండి. టన్ను ఉక్కుకి 187 యూరోలు, అంటే సుమారు 19 వేల రూపాయలు. టన్ను ఉక్కు ధరే 50 వేల చిల్లర ఆడుతున్నప్పుడు ఇది చిన్న మాట కాదు.

ఇక అసలు సంగతి. 1992లో రియోలో దాదాపు అన్ని దేశాలూ సంతకం పెట్టిన వాతావరణ ఒప్పందంలో ఒక సూత్రం ఉంది. బాధ్యత ఉమ్మడిదే, కానీ ఎవరి మోత వారి శక్తిని బట్టీ, చేసినదాన్ని బట్టీ. పారిశ్రామిక యుగం నుంచి ఇప్పటిదాకా గాలిలోకి వదిలిన మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో అమెరికా వాటా దాదాపు నాలుగో వంతు, భారత్‌ది 3 శాతం పైచిలుకు. తలకి లెక్కేస్తే అమెరికన్ ఏడాదికి సుమారు 14 టన్నులు, మనం 2 టన్నులు. సీబామ్ ఈ తేడా చూడదు. దానికి కనపడేది ఇనుము ముక్క ఒక్కటే. ఆ ఇనుము ఎవరు చేశారు, వాళ్ళ తాతలు ఎంత కాల్చారు అనేది దాని ఫారంలో కాలమే లేదు. మొజాంబిక్ లాంటి అతి పేద దేశాలకి కూడా మినహాయింపు ఇవ్వలేదు. వసూలైన డబ్బు యూరప్ ఖజానాలకే.

---

వేపచెట్టు · ఆదివారం ఉదయం 9:02

అందరూ చైనాని వదిలేసి మాట్లాడుతున్నారు. ఏడాదికి వచ్చే పొగలో మూడోవంతు వాళ్ళదే. అమెరికా, యూరప్ కలిపినా అంత లేదు. వాళ్ళు కూడా "పేద దేశం" టోపీ పెట్టుకుని మన వెనకాల నిలబడతారు. మనం వాళ్ళకి గొడుగు పట్టడం దేనికి?

---

లెక్కల_మాస్టారు · ఆదివారం ఉదయం 9:40

వేపచెట్టు గారూ, మీ మాటలో న్యాయం ఉంది. ఎవరు ధనిక దేశం, ఎవరు కాదు అని 1992 ఒప్పందంలో రాసుకున్న జాబితా ఇప్పటికీ అలాగే ఉంది. అందులో దక్షిణ కొరియా, సింగపూర్, ఖతార్ ఇవన్నీ కూడా అభివృద్ధి చెందుతున్న దేశాలే! తలసరి పొగలో చైనా యూరప్‌ని దాటేసింది. 2024లో బాకూ వాతావరణ సభలో డబ్బు లెక్క తేల్చినప్పుడు కూడా వీళ్ళ వంతు "ఇష్టముంటే ఇవ్వండి" దగ్గరే ఆగింది. కానీ చైనా తప్పించుకుందని చెప్పి అమెరికా బాకీ మాఫీ అవుతుందా? పొగ తగ్గించాలన్న క్యోటో ఒప్పందాన్ని అమెరికా ఆమోదించనే లేదు, ఆ తర్వాతి పారిస్ ఒప్పందం నుంచి రెండుసార్లు బయటికి పోయింది.

---

బాయిబిడ్డ (గోదావరిఖని) · ఆదివారం మధ్యాహ్నం 1:20

అన్నలూ, మీరంతా బోల్టు దగ్గర మాట్లాడుతున్నరు, నేను బొగ్గు దగ్గర మాట్లాడుత. మా నాయన సింగరేణిల 31 ఏళ్ళు చేసిండు, అండర్‌గ్రౌండ్‌ల. మొదటి షిఫ్టుకి తెల్లారకముందే సైకిల్ మీద పోయేటోడు. మెడికల్ అన్‌ఫిట్ అయితే మా తమ్మునికి డిపెండెంట్ ఉద్యోగం వచ్చింది. మా ఇల్లు, మా చదువులు, నా పెండ్లి అన్నీ ఆ బాయి నుంచే.

2021ల గ్లాస్గో వాతావరణ సభల ఆఖరి గంటల ఏమైందో అందరికీ యాది ఉండే ఉంటది. బొగ్గును దశలవారీగా "ఎత్తేయడం" అని రాసిన చోట దశలవారీగా "తగ్గించడం" అని మార్చాలని మన మంత్రి భూపేందర్ యాదవ్ లేచి చదివిండు. సభ నడిపిన అలోక్ శర్మ కండ్లల్ల నీళ్ళు పెట్టుకుండు. ప్రపంచ పత్రికలన్నీ ఇండియాని తిట్టినయి. నేను ఆ రోజు ఒకటే అనుకున్న. ఆ కాగితంల బొగ్గు పేరే ఎందుకు ఉన్నది, నూనె పేరు, గ్యాస్ పేరు ఎందుకు లేదు? ఎవరింట్ల ఏది ఉంటే దానికి మంచి పేరు. నార్వే నూనె అమ్ముకోవచ్చు, అమెరికా గ్యాస్ అమ్ముకోవచ్చు, మా బాయి మాత్రం పాపం చేసినట్టు. 2023ల దుబాయ్‌ల ఎట్లనో శిలాజ ఇంధనాలు అన్నీ కలిపి రాసిండ్రు, అండ్ల కూడా గ్యాస్‌కి కొంచెం సందు పెట్టుకున్నరు.

కానీ ఒక నిజం చెప్తే మా ఊరోళ్ళకే కోపం వస్తది. 1990ల మొదట్ల సింగరేణిల లక్ష దాటి ఉన్న ఉద్యోగులు ఇయ్యాల 40 వేల చిల్లర. ఆ ఉద్యోగాలు పర్యావరణపోళ్ళు తీసెయ్యలే, యూరప్ తీసెయ్యలే. ఓపెన్‌కాస్ట్ వచ్చింది, మిషిన్లు వచ్చినయి. బొగ్గు ఉత్పత్తి పెరుగుకుంటనే ఉన్నది, మనుషులు తగ్గుకుంటనే వచ్చిండ్రు. ఓసీ బ్లాస్టింగ్‌కి గోడలు పగిలిన ఇండ్లు మా దిక్కు ఎన్నో. కాబట్టి "బొగ్గు కార్మికుల కోసం" అని పెద్ద సభలల్ల మనోళ్ళు మాట్లాడినప్పుడు కూడా నాకు నవ్వొస్తది.

---

జోబర్గ్_రావు (దక్షిణాఫ్రికా) · ఆదివారం మధ్యాహ్నం 3:55

అమ్మా, మీ పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను ఇక్కడ కరెంటు రంగంలోనే కాంట్రాక్టు పని చేస్తాను. ఎంపుమలంగా అని ఒక ప్రాంతం ఉంది, ఇక్కడి గోదావరిఖని అనుకోండి. అన్నీ బొగ్గు గనులూ థర్మల్ స్టేషన్లే. అదే గ్లాస్గోలో ధనిక దేశాలు కొన్ని కలిసి, బొగ్గు నుంచి మళ్ళడానికి దక్షిణాఫ్రికాకి 850 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. పేపర్లన్నీ చప్పట్లు కొట్టాయి. విప్పి చూస్తే గ్రాంటు 4 శాతమో ఎంతో, మిగతాదంతా అప్పులూ గ్యారంటీలే. 2025లో అమెరికా అందులోంచి కూడా తప్పుకుంది.

2022 అక్టోబర్‌లో కోమాటి అనే పాత స్టేషన్ మూసేశారు. దాన్ని సోలారూ, గాలి కరెంటూ, బ్యాటరీలూ, శిక్షణ కేంద్రంగా మారుస్తామని ప్రపంచ బ్యాంకు 49.7 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అందులో గ్రాంటు 1 కోటి డాలర్లు మాత్రమే. నేను పనిమీద ఒకసారి అటు వెళ్ళాను. కంటైనర్ డబ్బాల మీద సోలార్ పలకలు బిగించి చిన్న మైక్రోగ్రిడ్లు తయారుచేసే షెడ్డు చూపించారు, పని చక్కగా ఉంది, పిల్లలు ఇష్టంగా నేర్చుకుంటున్నారు. బయటికొస్తే గేటు ఎదురుగా టిఫిన్లు అమ్మే ఆవిడ బల్ల వేసుకుని కూర్చుని ఉంది. షిఫ్టు మారే టైముకి ఒకప్పుడు వరస కట్టేవాళ్ళట, నేను నిలబడిన అరగంటలో వచ్చింది నేనూ మా డ్రైవరూ. స్టేషన్ ఉద్యోగుల్ని వేరే చోట్లకి బదిలీ చేశారు. కాంట్రాక్టు వాళ్ళనీ, ఈ బల్లల వాళ్ళనీ ఎవరూ ఎక్కడికీ బదిలీ చేయరు కదా.

విచిత్రం ఏంటంటే అదే 2022లో రష్యా గ్యాస్ ఆగిపోయేసరికి యూరప్ ఇక్కడి బొగ్గు ఎగబడి కొన్నది. మాకేమో మూసేయమని అప్పు, వాళ్ళకేమో ఓడల్లో బొగ్గు.

---

వేపచెట్టు · ఆదివారం సాయంత్రం 4:10

అప్పిచ్చువాడు వైద్యుడు అని పెద్దలు ఊరికే అనలేదు 😀 ఇక్కడ అప్పిచ్చినవాడే వైద్యుడు, రోగం తెచ్చినవాడూ వాడే.

---

ఉప్పాడ_వాసి (కాకినాడ జిల్లా) · ఆదివారం రాత్రి 8:33

మీరందరూ పన్నులూ అప్పులూ మాట్లాడుతున్నారు. మాది సముద్రం ఒడ్డు. మా తాతగారి ఇల్లు ఉన్న చోట ఇప్పుడు నీళ్ళున్నాయి. మా అమ్మ పడవల వైపు చెయ్యి చూపించి "అదిగో అక్కడ మన నుయ్యి" అంటుంది, కొత్తవాళ్ళెవరైనా వింటే ఈవిడకి మతిపోయిందా అనుకుంటారు. జియో ట్యూబులని ఇసక నింపిన పెద్ద పెద్ద గొట్టాలు వేశారు, కొన్నాళ్ళకి చిరిగిపోయాయి. రాళ్ళు పోస్తారు, తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు మూసేస్తారు, మళ్ళీ పోస్తారు. ఇల్లు పోయినవాళ్ళు పక్క వీధిలోకి జరుగుతారు. ఆ వీధి కూడా పోతే ఇంకో వీధి.

2022లో ఈజిప్టు వాతావరణ సభలో నష్టపరిహార నిధి అని ఒకటి పెట్టాలని తీర్మానం చేస్తే మా కుర్రాళ్ళు వాట్సాప్‌లో పంపుకున్నారు, ఇక మనకీ ఏదో వస్తుందని. 2023లో దుబాయ్‌లో అందరూ కలిపి వేస్తామన్నది సుమారు 70 కోట్ల డాలర్లు, అందులో అమెరికా 1.75 కోట్లు. 2022లో పాకిస్తాన్‌లో వరదలొచ్చినప్పుడు 3.3 కోట్ల మంది వరద బాధితులయ్యారు, నష్టం 3 వేల కోట్ల డాలర్ల పైనే అన్నారు. ఒక్క దేశం, ఒక్క వానాకాలం. మరి ఆ 70 కోట్లు ఎవరికి పంచుతారు, ఉప్పాడ దాకా ఎప్పుడొస్తుంది?

---

వేపచెట్టు · ఆదివారం రాత్రి 8:51

మీ కష్టం కష్టమే, కాదనను. కానీ ఉప్పాడ కోతకి కారణం వాతావరణం ఒక్కటేనా? పోర్టు కట్టడాలూ, గోదావరి మీద ఆనకట్టల వల్ల ఒండ్రు రాకపోవడం కూడా ఉన్నాయంటారు. దానికి అమెరికా ఏం చేస్తుంది?

---

ఉప్పాడ_వాసి · ఆదివారం రాత్రి 9:20

ఉన్నాయండి, మేమూ అదే అంటాం. గొడవంతా అక్కడే. సముద్రమట్టం పెరిగింది ఎంత, పోర్టు తిన్నది ఎంత, ఆనకట్ట ఆపింది ఎంత అని విడదీసి రుజువు చేయమంటే మేం ఎవర్ని తెచ్చుకోవాలి? ఢిల్లీని అడిగితే వాతావరణం అంటారు, బయటివాళ్ళని అడిగితే మీ పోర్టు అంటారు. సముద్రం మాత్రం ఎవర్నీ అడగదు.

ఒకటి చెప్తాను. పసిఫిక్ దీవుల్లో లా చదివే పిల్లలు 27 మంది 2019లో క్లాసురూములో మొదలుపెట్టిన మాట, వనువాటు అనే బుల్లి దేశం భుజాన వేసుకుని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా మోసుకెళ్ళింది. 2025 జూలై 23న ఆ కోర్టు చెప్పింది, వాతావరణాన్ని కాపాడటం దేశాలకి చట్టపరమైన బాధ్యత, తప్పితే పరిహారం దాకా వెళ్ళొచ్చు అని. అది సలహా అభిప్రాయమే, రేపు జప్తు చేసి డబ్బు తెచ్చివ్వదు, నాకు తెలుసు. కానీ "మేం దయతలచి ఇస్తున్నాం" అనే మాట ఇక చెల్లదు కదా. నాకు అది చాలా పెద్ద సంగతి అనిపించింది.

---

స్టట్‌గార్ట్_శీను · ఆదివారం రాత్రి 11:48

రెండుసార్లు రాసి చెరిపేశాను. ఇక్కడ ఉంటున్నాను కాబట్టి ఇక్కడివాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు అయిపోయింది, నేనూ చీరాల వాణ్ణే.

రావు గారు చెప్పింది నిజం. 2022లో ఇక్కడ ఆపేసిన బొగ్గు స్టేషన్లని మళ్ళీ నడిపారు. 2023 జనవరిలో లుట్సెరాట్ అని ఒక పల్లెని పోలీసుల్ని పెట్టి ఖాళీ చేయించారు, దాని కింద ఉన్న లిగ్నైట్ బొగ్గు కోసం. చలిలో చెట్ల మీద గుడిసెలు కట్టుకుని కూర్చున్న పిల్లల్ని దింపుతుంటే టీవీలో చూశాను. దానికి ముందు ఏడాది మే నెలలో అప్పటి ఛాన్సలర్ షోల్జ్ సెనెగల్ వెళ్ళి గ్యాస్ గురించి మాట్లాడి వచ్చాడు. బయటి దేశాల్లో శిలాజ ఇంధనాలకి ప్రభుత్వ డబ్బు పెట్టం అని గ్లాస్గోలో సంతకం పెట్టి ఆర్నెల్లే అయింది. మా ఆఫీసులో జర్మన్లే దీన్ని వెక్కిరించేవాళ్ళు.

కానీ ఇక్కడ మామూలు మనిషికి ఇదంతా తన బిల్లులా కనపడుతుంది. ఆ చలికాలం మా అపార్టుమెంటులో గ్యాస్ బిల్లు చూసి కింది ఇంటి ముసలావిడ ఒక్క గదిలోనే హీటర్ వేసుకుని గడిపింది. ఆవిడ దగ్గరికెళ్ళి "మీరు చారిత్రకంగా బాకీ" అంటే ఏమంటుంది? వాళ్ళ నాయకులు ఇవ్వకపోవడానికి సగం కారణం ఈ భయమే. ఇవ్వమన్నవాడు ఎన్నికల్లో ఓడిపోతాడు.

సీబామ్ విషయంలో ఒకటి ఒప్పుకుంటాను. వసూలైన డబ్బు, లేదా దానికి సమానమైనది, ఆ సరుకు వచ్చిన దేశానికే తిరిగి ఇచ్చి మీ ఫర్నేసులు మార్చుకోండి అంటే సగం గొడవ ఉండదు. అలా చేయలేదు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

---

మిరపతోట (ఢిల్లీలో ఉంటున్న పల్నాడు అమ్మాయి) · సోమవారం ఉదయం 7:30

శీను గారూ, ఆ ముసలావిడ సంగతి బాగా చెప్పారు. ఆవిడని ఎవరూ అడగకూడదు కూడా. అక్కడే నాదో మాట. 1991లోనే ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు అన్నారు, పొట్టకూటి పొగనీ విలాసపు పొగనీ ఒకే గాటన కట్టొద్దని. వరి మడిలోంచి వచ్చే మీథేనూ, మూడో కారు వదిలే పొగా ఒకటి కాదని. అంతర్జాతీయ సభల్లో మన వాదనకి ఆయువుపట్టు అదే. కానీ ఆ కత్తికి రెండు వైపులా పదునుంది. తలసరి 2 టన్నులు అంటున్నాం, ఆ సగటు ఎవరిది? మా ఊళ్ళో మిరపకాయ కోతలకి వచ్చే కూలీది అర టన్ను కూడా ఉండదేమో. ఆమె తక్కువ కాలుస్తుంది కాబట్టే జూబ్లీహిల్స్‌లో గదికో ఏసీ నడుస్తున్నా దేశం సగటు తక్కువ కనపడుతుంది. బయట ఆమెని ముందు నిలబెట్టి వాదిస్తాం, ఇంటికొచ్చాక ఆమె సంగతి మర్చిపోతాం.

బొగ్గు సెస్సు సంగతే చూడండి. 2010లో మన ప్రభుత్వమే టన్ను బొగ్గుకి 50 రూపాయలు పెట్టి, 2016 నాటికి 400 చేసింది. పేరు క్లీన్ ఎనర్జీ. ఒకరకంగా కార్బన్ పన్నే, అదీ పేద దేశం తనంతట తాను పెట్టుకున్నది! గొప్ప సంగతే. ఆ డబ్బులో పెద్ద భాగం ఖర్చే కాలేదు, 2017లో జీఎస్టీ వచ్చాక అది రాష్ట్రాల పరిహారంలో కలిసిపోయింది. బాయిబిడ్డ అక్క వాళ్ళ ఊరికి అందులోంచి ఒక్క రూపాయైనా "ఇది మీ పిల్లలు వేరే పని నేర్చుకోవడానికి" అని వచ్చిందా? యూరప్ ఖజానాలో వేసుకుంటోందని తిడుతున్నాం, మనం చేసింది మాత్రం ఏంటి?

---

బాయిబిడ్డ · సోమవారం ఉదయం 8:05

రాలేదు చెల్లె. మాకు వచ్చేది లాభాల వాటా, అదీ పర్మినెంటోళ్ళకి. కాంట్రాక్టోళ్ళకి ఏదో చేతిల పెడతరు.

---

లెక్కల_మాస్టారు · సోమవారం ఉదయం 8:50

మిరపతోట తల్లీ, నువ్వు చెప్పినదానితో నాకు పేచీ లేదు, కానీ దాన్ని ఎక్కడ వాడుతున్నామో చూసుకోవాలి. ఇంట్లో తండ్రి పిల్లలకి సరిగ్గా పెట్టడం లేదని చెప్పి, ఆ తండ్రికి బాకీ ఉన్నవాడు బాకీ ఎగ్గొట్టడానికి వీల్లేదు. రెండూ వేర్వేరు పంచాయితీలు. బయటివాళ్ళు ఈ మాటని మనకంటే బాగా వాడుకుంటారు.

బాకీ అంటే గుర్తొచ్చింది. 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సభలో ధనిక దేశాలవాళ్ళు పేద దేశాలకి 2020 కల్లా ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. వాళ్ళ లెక్కల ప్రకారమే అది అందింది 2022లో. ప్రభుత్వాల నుంచి వచ్చిన దాంట్లోనూ మూడింట రెండు వంతులు అప్పులే, వడ్డీతో తిరిగి కట్టాల్సినవి. అప్పు ఇచ్చి దాన్ని సాయం కింద రాసుకోవడం నేను మా ఊరి వడ్డీ వ్యాపారి దగ్గర కూడా చూడలేదు. 2024 నవంబర్‌లో బాకూలో పేద దేశాలు అడిగింది ఏడాదికి 1.3 లక్షల కోట్ల డాలర్లు, ఇస్తామన్నది 2035 నాటికి 30 వేల కోట్లు. సుత్తి కొట్టేశాక మన ప్రతినిధి చాందినీ రైనా లేచి, ఇది కంటికి కనికట్టు లాంటిదని అనేసింది. హాల్లో చప్పట్లు మోగాయి. నిర్ణయం మాత్రం మారలేదు.

---

మోడరేటర్ · సోమవారం ఉదయం 10:00

రాత్రి వచ్చిన 4 పోస్టులు తీసేశాను. ఏ పార్టీ హయాంలో ఏం జరిగిందో మాట్లాడుకోవడానికి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి. నట్టు_బోల్టు గారూ, మీ షీటు ఏమైంది?

---

నట్టు_బోల్టు · మంగళవారం రాత్రి 9:15

అందరికీ థ్యాంక్స్. నేనేదో కోపంలో రాస్తే ఇంత చర్చ అవుతుందనుకోలేదు, మా ఆవిడ కూడా కూర్చుని మొత్తం చదివింది.

శీను తమ్ముడు చెప్పినట్టు 50 టన్నుల సంగతి అడిగాను. అది మా ఒక్కరి లెక్క కాదట, వాడు అందరి దగ్గరా కొన్నదంతా కలిపి చూస్తారట. మా 40, కొయంబత్తూరు వాళ్ళవి, తైవాన్ వాళ్ళవి కలిపి ఎప్పుడో దాటిపోయింది. వివరాలు ఇవ్వకపోతే వాళ్ళే ఒక ఎక్కువ అంకె వేసేస్తారట, దాని మీద ఇంకొంచెం పెంచి. అంటే లెక్క తెలియనివాడికి జరిమానా. పెద్ద మిల్లులకి ఇది ఒక డిపార్టుమెంటు పని, నాకు ఆదివారం పని.

మన దగ్గర కట్టిన కార్బన్ ధర ఉంటే అక్కడ తగ్గిస్తారని కూడా చెప్పాడు. 2023లో మన కార్బన్ క్రెడిట్ పథకం నోటిఫై అయింది కదా, అది మిల్లుల దగ్గర గట్టిగా నడిచి ధర పడితే ఆ డబ్బు ఇక్కడే ఉంటుంది. ఎలాగూ పోయే డబ్బయితే గోదావరిఖనికి పోతే నాకు సంతోషమే, బ్రస్సెల్స్‌కి పోవడం కంటే. మాస్టారు గారు తిట్టినా సరే.

మిల్లు దగ్గరికి నేనూ, పక్క షెడ్లవాళ్ళు ఏడుగురూ కలిసి ఒకే లెటర్ ఇచ్చాం. ఎనిమిది యూనిట్లు కలిపితే నెలకి 15 లారీలు. డీలర్ ఈసారి నవ్వలేదు, "పై ఆఫీసుకి పంపిస్తా" అన్నాడు. ఎప్పుడు వస్తుందో చూడాలి.

ఇప్పుడు అర్జెంటు డౌటు. ఫర్నేసుకి మేం వాడేది ఎల్పీజీ. షీటులో టన్నుల్లో అడుగుతున్నాడు. నా దగ్గర ఉన్నవి సిలిండర్ల బిల్లులు, కొన్ని వంటకి కూడా పోయాయి, క్యాంటీన్ ఉంది. అది తీసేయాలా?

---

స్టట్‌గార్ట్_శీను · మంగళవారం రాత్రి 9:58

తీసేయన్నా. బోల్టు చేయడానికి కాలింది మాత్రమే రాయి. బిల్లుల మీద కేజీలు ఉంటాయి కదా, అన్నీ కూడి వెయ్యితో భాగించు. టన్ను ఎల్పీజీకి దాదాపు 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, షీటులో ఆ అంకె దానంతటదే పడుతుంది. కరెంటు బిల్లు గురించి కంగారు పడకు, ఉక్కుకి ప్రస్తుతం డబ్బు లెక్కలో కరెంటు పొగ కలపడం లేదు.

---

నట్టు_బోల్టు · మంగళవారం రాత్రి 10:20

సరే. క్యాంటీన్‌కి నెలకి 4 సిలిండర్లు. మావాళ్ళకి పెట్టే అన్నం సాంబారు లెక్క మాత్రం వాళ్ళకి చెప్పక్కర్లేదన్నమాట.

---

వేపచెట్టు · మంగళవారం రాత్రి 10:24

ఇప్పటికి అక్కర్లేదు 😀